మీకు తెలుసా? కప్లర్‌లో ఇరుక్కున్న పిన్నుకీ ఒక దారి ఉంది

జోలార్‌పేట నుంచి సేలం వైపు వెళ్తుంటే తిరుపత్తూరుకీ మొరప్పూరుకీ మధ్య వస్తుంది సామల్పట్టి స్టేషను. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు కార్బొనటైట్ అనే అరుదైన రాతి వల్ల ఈ ఊరి పేరు విని ఉంటారు. మిగతావాళ్లకు ఇది కృష్ణగిరి జిల్లాలో ఒక చిన్న ఊరు, అంతే. కానీ ఇక్కడి నుంచి హోసూరు దాకా ఉన్న నేల ఇవాళ దేశం నలుమూలలకూ మోపెడ్లు, మోటార్‌సైకిళ్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లు, లారీలు పంపుతోంది. వాటిలో ఏ బండి డూమ్ విప్పి చూసినా రంగురంగుల వైర్లు, వాటి చివర ప్లాస్టిక్ కప్లర్లు. బండి మొరాయిస్తే మన అనుమానం ముందు బ్యాటరీ మీదికో సెన్సార్ మీదికో పోతుంది. అసలు తప్పు చాలాసార్లు కప్లర్ లోపల, గోరంత కూడా లేని ఒక పిన్నులో ఉంటుంది.

ఆ పిన్నును కప్లర్ విరక్కుండా, వైరు తెగకుండా బయటికి తీయడానికి ఒక చిన్న పనిముట్టు ఉంది. పిన్ రిమూవర్ అంటారు. పెద్ద ఖరీదు కాదు, పెద్ద విద్యా కాదు. అయినా మన దగ్గర చాలా షాపుల్లో కట్టర్ చేతికొచ్చినంత సులువుగా ఇది చేతికి రాదు. వచ్చి తీరాలని నా పట్టుదల. అందుకే ఈ సంగతులు.

◆ పిన్నును పట్టి ఉంచేది జిగురు కాదు, ఒక నాలుక

వైరును కప్లర్‌లోకి కరగబోసి అతికించారని చాలామంది అనుకుంటారు. వెనక నుంచి లాగితే కదలదు కాబట్టి అలా అనిపించడం సహజమే. నిజానికి ప్రతి పిన్నూ తన గదిలో విడిగా కూర్చుని ఉంటుంది. దాన్ని వెనక్కి రానీయకుండా ఆపేది ఒక చిన్న నాలుక. ఈ నాలుక రెండు చోట్ల ఉండొచ్చు. కొన్ని రకాల్లో అది పిన్ను ఒంటి మీదే, రేకులోంచి కోసి కాస్త పైకి లేపినట్టు ఉంటుంది. పిన్ను లోపలికి పోయేటప్పుడు అణిగి, గది దాటాక పైకి లేచి ప్లాస్టిక్ అంచుకు తన్నుకుంటుంది. మరికొన్నిటిలో పిన్ను నున్నగా ఉంటుంది. నాలుక ప్లాస్టిక్‌ది, గదిలోనే పైకప్పు నుంచో నేల నుంచో వచ్చి పిన్ను మీది గంటులో పడుతుంది.

ఈ తేడా తెలియకుండా పనిముట్టు దూర్చడమే అసలు ప్రమాదం. రేకు నాలుకను పిన్ను వైపు అణచాలి. ప్లాస్టిక్ నాలుకను పిన్నుకు దూరంగా ఎత్తాలి. అంటే ఒకదానికి చేయాల్సిన పనికి రెండోదానికి చేయాల్సింది సరిగ్గా ఎదురు. టార్చి వేసి ముందు వైపు నుంచి గదిలోకి ఒకసారి చూస్తే ఎక్కడ ఖాళీ ఉందో కనిపిస్తుంది. పనిముట్టు పోవాల్సిన సందు అదే.

◆ బయటికి తీయాలంటే ముందు లోపలికి నెట్టాలి

ఇది విన్నవాళ్లు నమ్మరు, చేసి చూసినవాళ్లు మరిచిపోరు. స్కూటర్ కప్లర్ ఒకటి చేతిలో ఉందనుకోండి. బ్యాటరీ నెగిటివ్ ముందే తీసేశాం. కప్లర్ జత విడదీశాం. ఇప్పుడు చెడిపోయిన పిన్ను తాలూకు వైరును కప్లర్ వెనక వేళ్లతో పట్టుకుని, లాగకుండా, ఒక మిల్లీమీటరు ముందుకు నెట్టాలి. ఎందుకంటే వైరును లాగినంతసేపూ నాలుక ప్లాస్టిక్ అంచుకు బిగుసుకుని ఉంటుంది. బిగుసుకున్న నాలుకను ఎంత నొక్కినా అణగదు, వంకర పోతుంది. ముందుకు నెట్టితే బరువు దిగిపోతుంది. అప్పుడు ముందు వైపు నుంచి పనిముట్టు మొనను నాలుక ఉన్న సందులోకి మెల్లగా దూర్చి, తగిలిన చోట కొద్దిగా నొక్కి, ఆ నొక్కు వదలకుండా వైరును వెనక్కి లాగాలి. సరిగ్గా పడితే పిన్ను వెన్నలోంచి వచ్చినట్టు వస్తుంది. రాకపోతే బలం పెంచకూడదు. మళ్లీ ముందుకు నెట్టి, మొన చోటు మార్చి చూడాలి. బలంతో లాగితే వచ్చేది పిన్ను కాదు, పిన్నును వదిలేసిన వైరు.

పిన్ను బయటికొచ్చాక ఇంకో పని మిగిలి ఉంటుంది. అణగ్గొట్టిన రేకు నాలుక అలాగే ఉండిపోతే తిరిగి పెట్టినప్పుడు పట్టదు. సన్నటి బ్లేడు మొనతో దాన్ని కొద్దిగా పైకి లేపాలి. ఈ ఒక్కటి మరిచిపోవడం వల్ల రిపేరైన బండి వారం తిరక్కుండానే మళ్లీ షాపుకొస్తుంది.

◆ ఆ రంగు ముక్క అలంకారం కాదు

కప్లర్ మూతి దగ్గరో పక్కనో తెల్లగానో, ఎర్రగానో, ఊదా రంగులోనో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కనిపిస్తుంది కదా? అది రెండో తాళం. మొదటి తాళం నాలుక. రెండో తాళం మూసి ఉన్నంతవరకూ ఎంత మంచి రిమూవర్ వాడినా పిన్ను రాదు. చాలా కప్లర్లలో దీన్ని పూర్తిగా ఊడబీకక్కర్లేదు, ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపితే చాలు. ఇది తెలియక నాలుకతో కుస్తీ పట్టి కప్లర్ విరగ్గొట్టుకున్నవాళ్లు ఎంతోమంది.

దీనికి ఇంకో గుణం ఉంది. పిన్నుల్లో ఏ ఒక్కటి పూర్తిగా లోపలికి కూర్చోకపోయినా ఈ ముక్క మూసుకోదు. అంటే తాళమే తనిఖీ కూడా చేస్తోంది. మూసుకోని ముక్కను స్క్రూడ్రైవరు పిడితో కొట్టి మూయడం కన్నా ఏ పిన్ను బయటికుందో వెతకడం మేలు.

గ్రానైట్ క్వారీల్లో తిరిగే ఎక్స్‌కవేటర్ల వంటి భారీ యంత్రాల్లో ఎక్కువగా కనిపించే డాయిచ్ డీటీ రకం కప్లర్లలో ఈ తాళం నారింజ రంగు ముక్కగా మూతిలోనే కూర్చుని ఉంటుంది. దాన్ని నోస్ ప్లయర్‌తోనో కొక్కెం వంచిన తీగతోనో నేరుగా బయటికి లాగాలి. తర్వాత చిన్న స్క్రూడ్రైవరుతో ప్లాస్టిక్ వేలును పక్కకు జరిపితే పిన్ను వెనక్కి వచ్చేస్తుంది. ప్రత్యేకమైన పనిముట్టే అక్కర్లేని కప్లర్ ఇది. దుమ్ములో, క్వారీ మధ్యలో నిలబడి రిపేరు చేయాల్సినవాళ్ల కష్టం తెలిసినవాళ్లు గీసిన డిజైన్ అనిపిస్తుంది.

◆ ఇది చీరల పోచంపల్లి కాదు

సామల్పట్టికి అట్టే దూరం లేని పోచంపల్లి పేరు వినగానే మనకు తెలంగాణలోని ఇక్కత్ చీరలే మెదులుతాయి. ఈ పోచంపల్లి కృష్ణగిరి జిల్లాలోది. ఓలా ఎలక్ట్రిక్ తన స్కూటర్ ఫ్యాక్టరీని 500 ఎకరాల్లో ఇక్కడే కట్టింది. దాన్ని పూర్తిగా ఆడవాళ్లే నడుపుతారని 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఏథర్ స్కూటర్లు హోసూరులో తయారవుతాయి. టీవీఎస్ ఐక్యూబ్ పుట్టిల్లూ హోసూరే. అదే హోసూరు నుంచి 1980లో టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చింది. ఇద్దరు కూర్చుని వెళ్లగలిగే మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. దాని వైరింగ్ అంతా ఒక పిల్లవాడు కాగితం మీద గీయగలిగినంత. లైటు, హారన్, ఇంకా కొద్దిపాటి తీగలు. ఏ వైరు పోయినా కోసి కలిపితే నడిచేది.

మన మెకానిక్కుల చేతి అలవాట్లు అప్పటివి. బండ్లు మాత్రం ఇప్పటివి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చాక చాలా పెట్రోలు బండ్లలో కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దానితోపాటు ఈసీయూ అనే చిన్న కంప్యూటర్, ఆక్సిజన్ సెన్సార్, థ్రాటిల్ సెన్సార్ అన్నీ వచ్చాయి. కొన్ని సెన్సార్లు పంపే సిగ్నల్ ఒక వోల్టు లోపే. హారన్ వైరులో పరవాలేదనిపించే వదులు ముడి, ఆ సెన్సార్ వైరులో బండిని ఆపేస్తుంది. పాతకాలపు మెకానిక్కుల నేర్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ చేతులకే ఈ పనిముట్టు తొందరగా వంటబడుతుంది.

◆ వైరింగ్ హార్నెస్ ఇప్పటికీ చేతిపనే

రోబోలు వెల్డింగ్ చేసే కాలంలో కూడా హార్నెస్, అంటే బండి వైర్ల కట్ట, అల్లడం చాలావరకు మనుషులే చేస్తున్నారు. పెద్ద బోర్డు మీద మేకులు, వాటి మధ్య వైర్లు పరిచి, ఒక్కో పిన్నునూ దాని గదిలోకి తోస్తారు. క్లిక్‌మని వినిపించాలి, తర్వాత వెనక్కి ఒకసారి లాగి చూడాలి. పొరపాటున ఒక వైరు పక్క గదిలోకి పోతే? హార్నెస్ మొత్తం పారేయరు కదా. పిన్ రిమూవర్‌కు పని మొదలయ్యేది అక్కడ, బండి ఇంకా పుట్టకముందే.

◆ గుండ్రటి పిన్నుకు గొట్టం

చదునైన పిన్నుకు సన్నటి రేకు లాంటి మొన సరిపోతుంది. గుండ్రటి పిన్నుకు రెండు వైపులా నాలుకలు ఉంటాయి. రెంటినీ ఒకేసారి అణచాలంటే పిన్ను చుట్టూ దిగే సన్నటి గొట్టం కావాలి. దాన్ని తొడిగి, కొద్దిగా తిప్పుతూ లోపలికి నొక్కితే రెండు నాలుకలూ ఒకేసారి ముడుచుకుంటాయి. కొన్ని గొట్టాల లోపల స్ప్రింగుతో ఒక కడ్డీ ఉంటుంది, అది పిన్నును వెనక్కి తోసేస్తుంది.

గొట్టం దొరకనిచోట ఇంజక్షన్ సూది మొన అరగదీసి వాడేవాళ్లున్నారు. కంప్యూటర్ పవర్ సప్లయ్ కప్లర్‌లో పిన్నులు తీయడానికి రెండు స్టేప్లర్ పిన్నులు చాలు, చెరో పక్క ఒకటి దూర్చితే సరి. పిన్నీసు మాత్రం వద్దంటాను. దాని మొన వాడి, నాలుకను అణచడానికి బదులు ప్లాస్టిక్‌ను గీరేస్తుంది.

◆ విమానాల్లో వెనక నుంచి

హోసూరు పక్కన బెళగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్‌కు సొంత రన్‌వే ఉంది. అక్కడ విమానాలకు మరమ్మతులు చేస్తారు. విమానాల్లో వాడే గుండ్రటి మిలిటరీ రకం కనెక్టర్లలో చాలావాటి పిన్నులను ముందు నుంచి కాక వెనక నుంచి తీస్తారు. ముందు వైపు పిన్నుల మొనలు సున్నితం, అటు పనిముట్టు తగలకూడదని ఈ ఏర్పాటు. పనిముట్టు కూడా ఉక్కుది కాదు, పుల్ల లాంటి ప్లాస్టిక్ ముక్క. ఒక కొన తెలుపు, రెండో కొన రంగు. తెల్ల కొన తీయడానికి, రంగు కొన పెట్టడానికి. ఆ రంగు పిన్ను సైజును బట్టి మారుతుంది. తెల్ల కొనను వైరు మీద తొడిగి, వెనక నుంచి నెమ్మదిగా లోపలికి జార్చి, తగిలాక వైరుతో సహా బయటికి లాగుతారు. ప్లాస్టిక్ మొన అరిగితే ఆ పుల్లను పారేసి కొత్తది తీసుకుంటారు. పనిముట్టు విరిగినా పరవాలేదు, కనెక్టర్ మీద గీత పడకూడదు. ఈ పద్ధతి మన స్కూటర్ షాపుకు కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

◆ బీప్ వచ్చిందంటే పిన్ను బాగున్నట్టు కాదు

పిన్ను అసలెందుకు చెడుతుంది? తగరం పూసిన రెండు పిన్నులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. బండి కుదుపులకు, వేడికీ చలికీ, అవి కంటికి కనపడనంతగా రాసుకుంటూ ఉంటాయి. రాసుకున్న ప్రతిసారీ కొత్త తగరం బయటపడి గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఆ పొడి అక్కడే పేరుకుంటుంది. కొన్నాళ్లకు పిన్ను మీద నల్లటి చుక్క. కప్లర్‌ను ఊడదీసి మళ్లీ పెట్టగానే బండి స్టార్టవుతుంది, ఆ పొడి కాస్త చెదిరింది కాబట్టి. కొద్ది రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. మాయదారి కంప్లయింటు అని మనం విసుక్కునేవాటిలో సగం ఇవే అంటే నేను ఆశ్చర్యపోను.

ఇక్కడ లెక్క చూడండి. పిన్నుల కలయికలో 5 మిల్లీ ఓమ్‌ల అడ్డు ఏర్పడి, దానిలోంచి 40 ఆంపియర్లు పారితే, వర్గం చేసి గుణిస్తే 8 వాట్లు. రేడియో రిపేరుకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో మూడో వంతు వేడి, ఒక పిన్ను మీదే! కప్లర్ ఎందుకు పసుపు పచ్చబడి, ఎందుకు కరిగిందో ఇక చెప్పక్కర్లేదు. మల్టీమీటర్‌లో బీప్ పెట్టి చూస్తే ఈ తప్పు దొరకదు. చాలా మీటర్లు పదుల ఓమ్‌లు ఉన్నా బీప్ ఇచ్చేస్తాయి. మనం వెతుకుతున్నది ఓమ్‌లో వెయ్యో వంతుల లెక్క. దీనికి సరైన పరీక్ష వోల్టేజ్ డ్రాప్. లోడు నడుస్తుండగా మీటరు రెండు కొనలను కప్లర్‌కు చెరో పక్క వైరు మీద పెట్టాలి. పై లెక్క ప్రకారం 0.2 వోల్టులు చూపిస్తుంది. బాగున్న పిన్ను అంతకన్నా చాలా తక్కువ చూపాలి.

◆ పరీక్షే పాడు చేస్తుంది

మీటరు లావుపాటి మొనను ఫిమేల్ పిన్నులోకి దూర్చి చూడటం మనకు మామూలే. ఆ ఒక్క పోటుతో దాని లోపలి స్ప్రింగు వెడల్పవుతుంది. తర్వాత మేల్ పిన్ను వదులుగా కూర్చుంటుంది. లేని తప్పును వెతకబోయి కొత్త తప్పు పుట్టించినట్టు. పట్టు ఉందో లేదో తెలియాలంటే అదే సైజు కొత్త మేల్ పిన్ను ఒకటి తీసుకుని చేత్తో పెట్టి తీసి చూడాలి. జారిపోతే ఆ పిన్ను మార్చాల్సిందే. మళ్లీ రిమూవర్ పనే.

పిన్నుల సైజులను వెడల్పుతో పిలుస్తారు: 0.64, 1.5, 2.8, 4.8, 6.3 మిల్లీమీటర్లు. 6.3 అంటే పావు అంగుళం. రిలే కింద ఉండే వెడల్పాటి కాళ్లలో చాలావరకు అదే కొలత. 0.64 దానికి పదో వంతు, ఈసీయూ కప్లర్లలో ఉండేది అలాంటిదే. రెంటికీ ఒకే పనిముట్టు ఎలా సరిపోతుంది? అందుకే రిమూవర్లను సెట్టుగా అమ్ముతారు. మార్కెట్లో దొరికే చవక సెట్లలో రేకు మెత్తగా ఉంటే రెండో వాడకానికే వంగుతుంది. తక్కువ పీసులున్నా గట్టి ఉక్కుతో చేసినవి కొనడం మంచిది.

◆ వైరు కూడా నీళ్లు తాగుతుంది

నీళ్లు చొరని కప్లర్లలో ప్రతి వైరు మెడకూ ఒక చిన్న సిలికాన్ రబ్బరు ఉంగరం ఉంటుంది. పిన్ను తీసేటప్పుడు అదీ వెంట వస్తుంది. చిరిగినా, మడత పడినా మార్చాలి. ఖాళీ గది ఉంటే దానికి ప్లాస్టిక్ బిరడా ఉంటుంది, దాన్నీ పోగొట్టుకోకూడదు. ఎందుకింత జాగ్రత్త అంటే, వేడెక్కిన కప్లర్ మీద వాటర్ సర్వీసింగ్ నీళ్లు పడగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ చోటును నింపడానికి బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. సందు ఎంత చిన్నదైనా చాలు. ఒకసారి రాగి పోగుల మధ్యకు చేరిన తడి వైరు పొడవునా పాకిపోయి, ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో కప్లర్‌లో పచ్చటి చిలుముగా కనిపిస్తుంది. వైరు కోసి మెలిపెట్టి టేపు చుట్టిన చోటు ఈ తడికి సింహద్వారం.

◆ క్రింప్ అంటే నొక్కడం మాత్రమే కాదు

తీసిన పిన్ను పనికిరాకపోతే కొత్తది క్రింప్ చేయాలి. పిన్ను తోకకు రెండు జతల రెక్కలు ఉంటాయి. ముందు జత రాగి పోగులను, వెనక జత వైరు తొడుగును పట్టుకుంటుంది. సరైన క్రింపింగ్ టూల్ ముందు రెక్కలను లోపలికి చుట్టి పోగుల్లోకి దింపుతుంది. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు బి అక్షరంలా ఉంటుంది. ఆ ఒత్తిడికి పోగుల మధ్య గాలి దూరే సందు కూడా మిగలదు, కాబట్టి లోపల తుప్పు పట్టదు. ప్లయర్‌తో నొక్కితే రెక్కలు పడుకుంటాయే తప్ప ఆ పట్టు రాదు. సోల్డర్ పెడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. కానీ సోల్డర్ పోగుల వెంట పాకి వైరును కడ్డీలా చేస్తుంది, కుదుపులకు ఆ కడ్డీ ముగిసే చోట వైరు విరుగుతుంది. సోల్డర్ లేకుండా నొక్కి కలిపే టెర్మినళ్లను వ్యాపారంగా మలిచినవాడు ఉంకాస్ విటేకర్. 1941లో అమెరికాలో ఆయన పెట్టిన ఏఎంపీ కంపెనీ ముందు విమానాలకు, ఓడలకు ఈ టెర్మినళ్లు చేసేది.

◆ పసుపు కప్లర్ జోలికి వెళ్లొద్దు

కార్లలో పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు. 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, కాబట్టి చిన్న కార్లలో కూడా ఇది ఎదురవుతుంది. ఈ కప్లర్‌ను ఊడదీయగానే లోపల ఒక చిన్న రేకు స్ప్రింగు దిగి రెండు పిన్నులనూ కలిపేస్తుంది. మన ఒంటి స్థిర విద్యుత్తు తగిలి బ్యాగు పేలకుండా ఆ ఏర్పాటు. రిమూవర్ దూర్చి ఆ రేకును కదిపితే ఆ రక్ష పోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లు కూడా అంతే. వాటిలో వందల వోల్టులు ఉంటాయి, శిక్షణ పొందినవాళ్లే ముట్టుకోవాలి. మన ఎలక్ట్రిక్ స్కూటర్లలో చాలావాటి బ్యాటరీ 50 వోల్టుల చుట్టూ ఉంటుంది. షాకు కన్నా షార్టు ప్రమాదం ఎక్కువ. ఉక్కు పనిముట్టు బ్యాటరీ కప్లర్‌లో రెండు పిన్నులకూ ఒకేసారి తగిలితే మొన కరిగి ఎగురుతుంది. బ్యాటరీ వైపు కప్లర్‌ను సర్వీస్ సెంటరుకే వదిలేయండి. ఉంగరం, కడియం తీసి పక్కన పెట్టాకే మిగతా వైరింగ్‌లో చెయ్యి పెట్టండి.

◆ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి రెండు

కప్లర్ ప్లాస్టిక్ మీద గదుల పక్కన సన్నటి అంకెలు పోతపోసి ఉంటాయి. ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. ముందు వైపు ఎడమ చివర 1 ఉంటే, వెనక వైపు నుంచి చూసినప్పుడు అదే గది కుడి చివర ఉంటుంది. సర్వీస్ మాన్యువల్‌లోని బొమ్మ ఏ వైపు నుంచి గీశారో చూసుకోకుండా పిన్నులు పెడితే ప్రతి వైరూ తిరగబడిన చోటికే చేరుతుంది. రిలే కాళ్ల మీది 30, 85, 86, 87 అంకెలు మాత్రం ఎటు తిప్పినా దారి తప్పనీయవు. అవి డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం వేసినవి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్, 87 అంటే లోడుకు పోయేది, 85, 86 లోపలి కాయిల్ కొనలు. కప్లర్ గదుల అంకెలకు అలాంటి అర్థం ఏదీ ఉండదు, ప్రతి కప్లర్‌కూ దాని లెక్క దానిదే. కాబట్టి మొదటి పిన్ను కదిలించకముందే ఫోనుతో రెండు వైపులా ఫొటో తీసుకోండి, వైరు రంగు, దాని మీది గీత రంగు తెలిసేలా. ఒక్కసారికి ఒక్క పిన్నే తీయండి. దాన్ని తిరిగి పెట్టి, క్లిక్ విని, వెనక్కి ఒకసారి లాగి చూసి, అప్పుడే రెండోదాని దగ్గరికి వెళ్లండి.